నాలుగు వేసవుల రుచి

అతని బల్ల మీదికి మనుషులు రారు, వాళ్ళ నోళ్ళ అచ్చులు వస్తాయి. పంటి డాక్టరమ్మ ముందు గదిలో పేషెంటు నోట్లో మెత్తటి ముద్ద పెట్టి అచ్చు తీస్తుంది. నర్సు దాన్ని తడిగుడ్డలో చుట్టి వెనక గదికి తెస్తుంది. అతను అందులో ప్లాస్టర్ పోసి ఆరబెడతాడు. కాసేపటికి ఎవరిదో దవడ అతని చేతికి వస్తుంది. ఆ దవడకు కట్టుడు పళ్ళు చెయ్యడం అతని పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఊళ్ళో పెద్దవయసు వాళ్ళు సగం మంది అతను చేసిన పళ్ళతోనే నవ్వుతున్నారు. వాళ్ళలో అతన్ని చూసి నవ్వినవాళ్ళు లేరు, అతనెవరో వాళ్ళకు తెలియదు కాబట్టి. దారిలో ఎవరైనా నవ్వితే అతను ముందు పళ్ళ వరస చూస్తాడు, తర్వాత మొహం. ఒక్కోసారి మొహం దాకా వెళ్ళడు.

క్లినిక్‌లో అందరూ అతన్ని అచ్చులాయన అంటారు. భార్య కూడా అలాగే పిలిచేది. ఆమె పిలుపులో చివరి అక్షరం దగ్గర కొంచెం సాగదీత ఉండేది, ఎవరినో దూరం నుంచి పిలుస్తున్నట్టు. ఒకే గదిలో ఉండి అంత దూరంగా ఎందుకు పిలుస్తుందో అతను ఎప్పుడూ అడగలేదు.

ఆమె వెళ్ళిపోయి ఎనిమిది నెలలైంది. పోట్లాట జరగలేదు. బస్సు డిపోలో ఆమె పని, జనం బస్సుల్లో మర్చిపోయిన సామాన్లు భద్రపరిచే కౌంటర్‌లో. నాలుగు గంటల ప్రయాణం దూరంలో ఉన్న ఇంకో డిపోకి ఆమే అడిగి బదిలీ చేయించుకుంది. వెళ్ళేరోజు రెండు పెట్టెలు గుమ్మం దగ్గర పెట్టి, పెరటి వైపు ఒకసారి చూసి అంది: "నీ విత్తనం స్థిరపడితే చెప్పు. వచ్చి ఒకసారి రుచి చూస్తాను."

ఆ ఒక్క మాట పట్టుకుని అతను ఎనిమిది నెలలు గడిపాడు.

విత్తనం సంగతి ఆమె మాటతోనే మొదలైంది, ఆరేళ్ళ కిందట. నర్సరీ నుంచి తెచ్చిన రెండు రకాల టమాటా మొక్కలు పెరట్లో కాశాయి, ఒకటి గుండ్రటి ఎర్రకాయ, ఇంకోటి కోలగా ఉండే పసుపుకాయ. ఆమె మెట్టు మీద కూర్చుని రెండూ కొరికి చూసి, "ఈ ఎర్రదానికి తీపి లేదు, ఆ పసుపుదానికి పులుపు లేదు. రెండూ ఒక కాయలో ఉంటే ఎంత బాగుండు," అంది. ఎటో చూస్తూ అన్న మాట. వెనక గదికి పంపే చీటీ మీద డాక్టరమ్మ రాసే ఆర్డరు లాగా అతను దాన్ని తీసుకున్నాడు. చిన్న పుస్తకం ఒకటి కొని చదివాడు. రెండు రకాలను కలిపి సంకరం చెయ్యాలంటే తల్లి పువ్వులోంచి కేసరాలు తీసేసి, తండ్రి పువ్వు పుప్పొడి తెచ్చి మధ్య కాడకు అద్దాలి. ఎర్రదాన్ని తల్లిగా, పసుపుదాన్ని తండ్రిగా పెట్టుకున్నాడు. అతని దగ్గర సన్నటి పట్టకారు ఉంది. పింగాణీ పళ్ళకు రంగు వేసే బ్రష్షు ఉంది. చెయ్యి వణకదు. ఇంతకన్నా ఏం కావాలి?

అతనికి లేనిది ఒకటే. దానికి ముందటేడు పట్టిన జలుబొకటి పోతూ పోతూ వాసనను కూడా తీసుకుపోయింది. మూడు నెలలు చూసి, ఇక రాదన్నారు. నాలుకకు తీపి, పులుపు, ఉప్పు, చేదు తగిలేవి గానీ, తలుపు అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. మాటలు వినపడేవి కావు. అందుకని పెంచడం అతని పని, రుచి చూడడం ఆమె పని అని పంచుకున్నారు.

డిపో నుంచి ఆమె పాత రిజిస్టరు ఒకటి తెచ్చింది. పొడుగాటి అట్ట, ప్రతి పేజీలో నాలుగు గడులు: వరస నంబరు, దొరికిన చోటు, వర్ణన, తీసుకున్నవారి సంతకం. నంబరు గడిలో మొక్క సంఖ్య, దొరికిన చోటులో తేదీ, వర్ణనలో ఆమె మాటలు. చివరి గడి ఖాళీగా ఉంది కదా అని అందులో అతను ఎర్ర పెన్సిలుతో నిర్ణయం రాసేవాడు: ఉంచాలి, లేదా తొలగించాలి.

నాలుగు వేసవులు అలా నడిచింది. మొదటి ఏడు రెండు మొక్కలు, తర్వాత ఏటా ఆరేసి. ఆమె మెట్టు మీద కూర్చుని కాయ కొరికేది. అతను ఎదురుగా నిలబడి ఆమె నోటినే చూసేవాడు. ఆమె మింగేదాకా ఊపిరి బిగబట్టేవాడు. "ఇలా గుడ్లప్పగించి చూస్తే రుచి భయపడి పారిపోతుంది," అని నవ్వేది. ఒకసారి మాత్రం నవ్వకుండా, "నువ్వు నన్ను చూసేది ఈ పది నిమిషాలే," అంది. అతను అది కూడా వేళాకోళమే అనుకున్నాడు. ఆ రోజు ఏ మొక్కో అతనికి గుర్తుంది, మూడోది.

ఈ వేసవిలో అతను పన్నెండు మొక్కలు పెట్టాడు. కిందటేడు 'ఉంచాలి' అని రాసిన నాలుగు మొక్కల విత్తనం, ఒక్కోదానికి మూడేసి. ప్లాస్టర్ వచ్చిన ఖాళీ బకెట్లకు అడుగున చిల్లులు పొడిచి, గోడ పక్కన వరసగా పెట్టాడు. పొద్దున్నే లేచి వాటి మధ్య నడిచేవాడు. ఇల్లంతటిలో ఇద్దరి అడుగుల చప్పుడు వినపడేది అక్కడొక్కచోటే అనిపించేది, ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి.

కాయలు పండాయి. పన్నెండు మొక్కలూ ఒకే ఎత్తు. ఒకే ఆకు. కాయలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు గుండ్రంగా, ఎర్రగా, తొడిమ దగ్గర ఒకే మడతతో. ఏటా మొక్కకూ మొక్కకూ తేడాలు తగ్గి ఒక రూపానికి రావడాన్నే స్థిరపడడం అంటారని పుస్తకంలో ఉంది.

ఫోను చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని, పెట్టేశాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు: పళ్ళ సెట్టు ముందు గదికి పంపే ముందు ప్లాస్టర్ దవడ మీద పదిసార్లు పెట్టి చూసుకోవాలి. రూపం ఒకటైతే చాలదు. ఆమె మాటల ప్రకారం ఆ నాలుగింటివీ నాలుగు రుచులు. వాటిలో ఏది ఎక్కువో తేల్చుకోకుండా ఆమెను నాలుగు గంటలు ప్రయాణం చేయించి, తీరా వచ్చాక మాట పోతే?

మర్నాడు శనివారం. మధ్యాహ్నం భోజనాల వేళ స్టీలు ట్రేలో నాలుగు చిన్న గిన్నెలు పెట్టి, ముక్కలు కోసి, నంబరు చీటీలు అంటించి ముందు గదిలోకి తీసుకెళ్ళాడు. అతను ముందు గదిలోకి రావడమే వింత. రిసెప్షన్‌లో అమ్మాయి లేచి నిలబడింది.

"ఏంటండీ, ఏమైనా అయిందా?"

"ఏం కాలేదమ్మా. కొంచెం ఇవి తిని, ఏది ఎలా ఉందో చెప్పాలి."

డాక్టరమ్మ గ్లవ్స్ తీస్తూ వచ్చింది. "ఇదేమన్నా పంటి క్లినిక్కా, కూరగాయల బజారా అచ్చులాయనా? రేపు నువ్వు తక్కెడ కూడా తెచ్చుకుంటావు."

"ఒక్కొక్క ముక్కే డాక్టరమ్మా. మధ్యలో నీళ్ళు పుక్కిలించాలి."

"నా క్లినిక్‌లో నాకే పుక్కిలించమని చెప్తున్నాడు చూడు!" అంటూనే ఆమె నాలుగూ తింది. నర్సు తింది. రిసెప్షన్ అమ్మాయి కళ్ళు మూసుకుని పరీక్ష రాస్తున్నంత శ్రద్ధగా తింది. ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

"టమాటా," అంది నర్సు.

"అది కాదమ్మా. రెండోదానికీ నాలుగోదానికీ తేడా..."

"నాలుగోది ఇంకో టమాటా."

"నాకు మూడోది కొంచెం చల్లగా అనిపించిందండి," అంది రిసెప్షన్ అమ్మాయి, అతని మొహం చూసి ఏదో ఒకటి ఇవ్వాలనిపించి.

"అది ఫ్యాను కింద ఉంది తల్లీ," అంది డాక్టరమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "చూడూ, నాలుగూ ఒకటే. బాగానే ఉన్నాయి. కూరకి పనికొస్తాయి. దీనికింత కంగారెందుకు నీకు?"

అతను ట్రే తీసుకుని వెనక గదిలోకి వచ్చేశాడు. వాళ్ళ నోళ్ళు అతనికి తెలుసు. డాక్టరమ్మకు కింద ఎడమవైపు ఒక పన్ను తనే చేసిచ్చాడు. నోరు బాగున్నంత మాత్రాన రుచి తెలియాలని లేదు, అనుకున్నాడు. తన భార్య మూడో రకం గురించి ఏం రాసింది? పులుపు కోపంగా లేదు, అలిగినట్టుంది. వీళ్ళకేమో అది టమాటా. అతనికి వాళ్ళ మీద జాలేసింది. జాలి కింద, పుచ్చిన పంటి కింద నరంలా, ఇంకేదో లాగింది.

ఆదివారం పొద్దున్నే నర్సరీకి వెళ్ళాడు. దాన్ని నడిపే ముసలావిడను అందరూ నారు పెద్దమ్మ అంటారు. ఆరేళ్ళ కింద ఆ ఎర్ర మొక్కా పసుపు మొక్కా అమ్మింది ఆవిడే. నేల మీద పీట వేసుకుని, ట్రేల్లో నారు విడదీస్తోంది. అతను సంచీలోంచి నాలుగు కాయలూ తీసి ముందు పెట్టాడు, జరిగిందంతా చెప్పాడు. ఆవిడ ఒక కాయ తీసి, బొటనవేలితో ఒత్తి, చీరకు తుడిచి కొరికింది. ఇంకోటి కొరికింది. మూడోది ముట్టుకోలేదు.

"తండ్రి ఏది అన్నావు నాయనా?"

"మీ దగ్గర కొన్న పసుపుకాయే పెద్దమ్మా."

"మరి ఇన్నేళ్ళలో పసుపుకాయ ఎన్ని మొక్కలకు కాసింది?"

"కాయలేదు. మొదటి ఏడు తల్లి పోలికే వస్తుందని పుస్తకంలో ఉంది."

"మొదటి ఏడు సరే. రెండో ఏడు?"

"ఆరు మొక్కలే కదా పెట్టాను. నాలుగింట ఒకటి రావాలంటారు గానీ, ఆరింటికి రాకపోవచ్చు కదా అని..."

"మూడో ఏడు?"

అతను సంచీ మూతి మడతపెట్టాడు.

"నాలుగేళ్ళలో తండ్రి పోలిక ఒక్క కాయలోనూ రాకపోతే, తండ్రి అసలు ఇంటికి వచ్చాడా అని అడగాలా వద్దా?" ఆవిడ నవ్వింది. ఆవిడ పళ్ళు తన చేతివి కావని అతను గమనించాడు. కింది వరస వదులుగా ఉంది. "కేసరాలు ఎప్పుడు తీశావు? పువ్వు ఎంతలో ఉండగా?"

"బాగా తెరుచుకున్నాక. సాయంత్రం పని నుంచి వచ్చి."

"తెరుచుకున్నాకా!"

"నోరు పూర్తిగా తెరవనిదే అచ్చు తీయకూడదు పెద్దమ్మా. సగం తెరిచిన నోట్లో చెయ్యి పెడితే అచ్చు పాడవుతుంది. అందుకని బాగా విచ్చుకునేదాకా ఆగేవాణ్ణి. రెండు మూడు రోజులు ఆగిన పువ్వులు కూడా ఉన్నాయి."

ఆవిడ చేతిలోని నారు పక్కన పెట్టింది. తర్వాత చెయ్యి చాపి పక్క కుండీలో ఎదిగిన మొక్క నుంచి విచ్చుకున్న పువ్వొకటి తుంచి, అతని అరచేతిలో బోర్లించి గోటితో రెండుసార్లు తట్టింది. అరచేతి గీతల మధ్య సన్నటి పసుపు పొడి రాలింది.

"చూశావా? టమాటా పువ్వుకి బయటివాళ్ళతో పని లేదు. తెరుచుకునే పాటికే లోపల అంతా అయిపోతుంది. నువ్వు బ్రష్షు పట్టుకుని వెళ్ళేసరికి పెళ్ళీ అయింది, పందిరీ పీకేశారు." ఈసారి ఇంకా ముడుచుకునే ఉన్న మొగ్గను చూపించింది. రేకుల కొసలు అప్పుడే లేతపసుపు తిరుగుతున్నాయి. "చెయ్యి పెట్టాల్సింది ఇలా ఉన్నప్పుడు. ఇంకా ఏమీ చెప్పకముందు."

"అయితే ఇవన్నీ..."

"నేను నీకిచ్చిన ఎర్రకాయే నాయనా. ఏటేటా దాన్నే నాటుకున్నావు. అదిగో, ఆ మూల రెండు వందల మొక్కలున్నాయి అదే రకం. స్థిరపడిందా అంటావా, అది మా అత్త నాటినప్పుడే స్థిరపడింది."

"కానీ రుచులు వేరు వేరుగా ఉండేవి పెద్దమ్మా. రాసిపెట్టి ఉంది."

"ఎండా నీళ్ళూ బట్టి రవ్వంత తేడా ఉంటుంది. రాసిపెట్టుకునేంత ఉండదు. ఎవరు రాశారు?"

"మా ఇంట్లోవాళ్ళు," అన్నాడు.

మిగిలిన రెండు కాయలు ఆవిడే అతని సంచీలో వేసింది.

ఇంటికి వచ్చేదాకా అతనికి తన తప్పు ఒక్కటే కనపడింది. ఆరేళ్ళు. పట్టకారు, బ్రష్షు, సంకరం చేసిన పువ్వులకు గుర్తుగా ఎర్రదారం కట్టిన తొడిమలు. వెనక తలుపు తీసి మెట్టు మీద నిలబడ్డాక, పన్నెండు మొక్కలూ ఒకే మొహం పెట్టుకుని తనవైపు చూస్తుంటే, రెండో సంగతి మెల్లగా వచ్చింది. మొక్కలన్నీ ఒకటే అయితే, ఆమె రాసింది దేని గురించి?

లోపలికి వెళ్ళి రిజిస్టరు తెచ్చాడు. మెట్టు మీద, ఆమె కూర్చునే చోట కాకుండా పక్కన కూర్చుని తెరిచాడు. ఇన్నేళ్ళూ నంబరు గడి నుంచి నేరుగా చివరి గడికి చూపు పరిగెత్తేది. ఇప్పుడు నంబర్లు చేతి కింద కప్పుకుని మధ్య గడి ఒక్కటే చదివాడు.

'మొదట తీపి. ఇంకా ఏదో చెప్పబోతున్నట్టు ఆగింది. తర్వాత ఏమీ లేదు.' పక్కన తన అక్షరాలు: తొలగించాలి.

'పులుపు కోపంగా లేదు, అలిగినట్టుంది. అడిగితే పోయేట్టుంది.' ఉంచాలి. అడగడం గురించి కాదు, అలక లాంటి పులుపు బాగుంటుందని.

'బాగుంది. రోజూ బాగుందనే రాయాలా?' తొలగించాలి. వర్ణనలో స్పష్టత లేదని.

'ఇవాళ ఏ రుచీ తెలియలేదు. పొద్దుటి నుంచి ఎవరితోనూ మాట్లాడకపోవడం వల్ల నోరు ఎండిపోయి ఉంటుంది.' దాని పక్కన తను రాసింది కొంచెం పొడుగ్గా ఉంది: రుచి చూసే ముందు నీళ్ళు తాగాలి.

'గదిలోకి వెళ్ళి లైటు వేశాక, ఇందాకటి నుంచి ఎవరో ఉన్నారనుకున్నది కుర్చీ మీది చొక్కా అని తెలిసినట్టు.' తొలగించాలి. తొలగించాలి. రెండుసార్లు.

అప్పట్లో అతను, పోయిన గొడుగులూ సంచులూ వర్ణించీ వర్ణించీ ఆమెకు పట్టిన అలవాటు ఇది అనుకున్నాడు. చేతిపని బాగా తెలిసినవాడు ఇంకొకరి చేతిపనిని మెచ్చుకున్నట్టు మెచ్చుకున్నాడు కూడా. ఇరవై మొక్కలు, యాభై మూడు వరసలు. మొత్తం ఒకే కాయ. మారుతూ ఉన్నది కొరికిన నోరు. ఆ నోటికి ఎదురుగానే నిలబడి, ఊపిరి బిగబట్టి, వరస తప్పకుండా చూశాడు తను.

చివరి పేజీకి వచ్చేసరికి వాక్యాలు పొట్టిగా అయ్యాయి. చివరి వేసవి, చివరి వరస: 'పులుపు. తీపి. టమాటా.' దాని పక్కన ఉంచాలి అని ఉంది. ఆ ఏడు చివరికి ఆమె వర్ణనలు స్థిరపడ్డాయని అతను సంతోషించిన సంగతి గుర్తొచ్చింది.

ఫోను తీశాడు. వేలు ఆమె పేరు మీద పెట్టి ఆగిపోయాడు. విత్తనం స్థిరపడితే చెప్పు అంది. స్థిరపడింది. అందులో రవ్వంత అబద్ధం లేదు. పెద్దమ్మే అంది. ఆ ఒక్క వాక్యం చెప్పి ఊరుకుంటే చాలు, ఆమె వస్తుంది. మెట్టు మీద కూర్చుంటుంది. కాయ కొరుకుతుంది. ఈసారి తను మొహం దాకా వెళ్ళి చూస్తాడు. మిగతాది తర్వాత చెప్పొచ్చు. ఎన్నో రోజు చెప్పాలి? రెండోరోజా? ఆలోచిస్తూ ఉండగానే వేలు నొక్కేసింది.

"ఆఁ, చెప్పు," అంది ఆమె. వెనక బస్సుల చప్పుడు.

"పనిలో ఉన్నావా?"

"ఆదివారం పనిలో కాక ఎక్కడుంటాను? సెలవు రోజే జనం ఒళ్ళు మర్చిపోతారు. పొద్దుటి నుంచి మూడు గొడుగులు, ఒక చిడతల జత, ఒంటి చెప్పు. ఒంటి చెప్పు ఎలా మర్చిపోతారో ఇన్నేళ్ళొచ్చినా నాకు అర్థం కాదు. చెప్పు, ఏంటి?"

"టమాటాల సంగతి."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆమె చోటు మార్చుకుంది. గొంతు దగ్గరైంది. "స్థిరపడిందా? గురువారం, శుక్రవారం నాకు సెలవుంది."

సెలవు ముందే చూసి పెట్టుకుంది. ఆ వాక్యం నాలుక మీదే ఉంది, రెండే మాటలు.

"సంకరమే జరగలేదట," అన్నాడు.

"అంటే?"

"పువ్వు తెరుచుకునేదాకా ఆగి చేశాను. అప్పటికే అయిపోతుందట లోపల. పెద్దమ్మ చెప్పింది. అన్నీ తల్లి మొక్కలే. మొదటి ఏడు నుంచీ."

ఆమె ఏదో అనబోయింది. ఇంతలో అవతల ఎవరో పిలిచారు. "ఒక్క నిమిషం ఉండు," అంది. అతను విన్నాడు. "గొడుగా అండీ? ఏ రంగు? నలుపైతే నా దగ్గర పదకొండున్నాయి. పిడి ఎలా ఉంటుంది? గుర్తు లేదా? రోజూ పట్టుకునేదే కదా. సరే, ఇవి చూసుకోండి, తొందరేం లేదు." ఆ మనిషి ఒక్కో గొడుగూ తెరిచి మూస్తున్న చప్పుడు. ఆమె తిరిగి వచ్చింది.

"అయితే నాలుగేళ్ళూ నేను తిన్నది ఒకటే కాయా?"

"ఒకటే. పెద్దమ్మ దగ్గరి ఎర్రకాయ."

ఆమె నవ్వింది. పెద్దగా, ఊపిరందక నవ్వింది. ఆ నవ్వు అతను మర్చిపోయాడు. పై వరసలో ఎడమ కోరపన్ను కొంచెం ముందుకు ఉంటుంది, నవ్వితే పెదవి దాని మీద ఆగుతుంది. కళ్ళు ఎలా ఉంటాయో గుర్తు చేసుకోబోయాడు. ఇంతలో నవ్వు సగంలో ఆగింది.

"రిజిస్టరు నీ దగ్గరే ఉందిగా?"

"ఉంది."

"మళ్ళీ చదివావా?"

"ఇప్పుడే."

"ఊఁ."

గొడుగు ఒకటి తెరుచుకుంది, మూసుకుంది.

"నీకు తెలుసా, అన్నీ ఒకటేనని?" అడిగాడు.

"తెలీదు. నా నోటికి నిజంగానే తేడాగా ఉండేవి. నువ్వేమో ఎదురుగా నిలబడతావు. ఏం రాయాలో తెలిసేది కాదు. కాయ నోట్లో పెట్టుకుని ఏదొస్తే అది రాసేదాన్ని. టమాటా గురించే అనుకునేదాన్ని నేను కూడా. నువ్వు డ్యూటీకి వెళ్ళాక ఎర్ర పెన్సిలు గడి చూసేదాన్ని. ఏది ఉంచావో, ఏది కొట్టేశావో."

"నాతో చెప్పొచ్చుగా."

"ఏమని చెప్పను? నా మొక్క పీకొద్దనా?"

పన్నెండు మొక్కలూ గాలికి ఒకేసారి ఒకే పక్కకు వంగి లేచాయి.

"గురువారం..." అన్నాడు.

"రుచి చూడ్డానికి ఇంకేముంది? ఆ ఎర్రకాయ ఇక్కడా దొరుకుతుంది." మాట కటువుగా లేదు. కౌంటర్‌లో గడువు సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు అలాగే ఉంటుంది. "మా దగ్గర ఏ వస్తువైనా ఆర్నెల్లే ఉంచుతాం. నీకు తెలుసు."

"తెలుసు."

"అయినా చెప్పావు. స్థిరపడిందని అనేసి ఉంటే బస్సెక్కేసేదాన్ని. అచ్చులాయనా, నువ్వు తిన్నావా, ఒక్కటైనా?"

"నాకేం తెలుస్తుంది?"

"తెలియకపోతే తెలియలేదని రాయి. చోటుందిగా." అవతలి మనిషి ఏదో అన్నాడు. "ఇదేనా? ఖాయంగా ఇదేనా? ఇక్కడ సంతకం పెట్టండి. ఉంటా మరి," అంది. చివరి మాట ఎవరితో అందో తేలకుండానే ఫోను ఆగిపోయింది.

ఎండ గోడ మీదికి ఎక్కేదాకా అతను అలాగే కూర్చున్నాడు. తర్వాత లేచి ఎనిమిదో మొక్క దగ్గరికి వెళ్ళాడు. ఎనిమిదోదే ఎందుకంటే కారణం లేదు. కాయ తెంపి, కడగకుండా, నిలబడే కొరికాడు. ఎండకు లోపలి నీళ్ళు వేడెక్కి ఉన్నాయి. రసం గడ్డం మీదికి కారింది. ముందు ఏమీ లేదు. వేడి, తడి, గింజల జారుడు. నమలడం ఆపి నోరు మూసుకుని నిలబడ్డాడు. నాలుక కొస మీద తీపి తగిలింది, పలచగా, పక్కింట్లో వాయిస్తున్న వాద్యంలాగా. అది పోయింది. ఇక అంతే అనుకుని మింగబోతుంటే, కుడి దవడ చివర, ఆఖరి పన్ను వెనక, పళ్ళ సెట్టుల్లో తను ఎప్పుడూ ఆకురాయితో కొంచెం ఎక్కువ అరగదీసే చోట, పులుపు వచ్చింది. చాలాసేపు ఉంది. చెంప లోపలికి లాక్కుపోయి కళ్ళు తడయ్యాయి.

రిజిస్టరులో ఆమె చివరి వరస కింద నంబరు వేశాడు, తేదీ వేశాడు. వర్ణన గడిలో రాశాడు: 'వేడిగా ఉంది. తీపి ఉందని అనుకుంటాను. పులుపు ఆలస్యంగా వచ్చింది, కుడి పక్క. వాసన తెలియలేదు.' చదువుకున్నాడు. పళ్ళ కొలతలు రాసినట్టుంది. కొట్టెయ్యలేదు.

తర్వాత రబ్బరు తెచ్చి, మొదటి పేజీ తెరిచి, చివరి గడిలో తొలగించాలి అన్న మాటను రుద్దాడు. ఎర్ర పెన్సిలు చెరగలేదు. లేత గులాబీ రంగై గడంతా అలుముకుంది. కింద అక్షరాలు ఇంకా చదవడానికి వస్తూనే ఉన్నాయి. ఇంకొంచెం రుద్దితే కాగితం చిరుగుతుందనిపించి ఆపేశాడు. తన కొత్త వరస దగ్గరికి వచ్చి చూశాడు. తీసుకున్నవారి సంతకం గడి తెల్లగా ఉంది. పెన్సిలు కాసేపు దాని మీద పట్టుకుని, ఏమీ రాయకుండా రిజిస్టరు మూసి, మెట్టు మీద ఆమె కూర్చునే చోట పెట్టి, మొక్కలకు నీళ్ళు పొయ్యడానికి లేచాడు. నోట్లో పులుపు ఇంకా ఉంది.